అస్తమయం 5:48కి అయితే 5:20కే ఎండ ఎట్ల పోయింది?

నల్లగొండ పోరడు: అన్నలూ, తల పట్టుకొని కూసున్న. నిన్న పగటిమీద ఒక్కన్నే గుట్టెక్కిన. ఫోన్ల అస్తమయం 5:48 అని ఉంది. 5:20కే కోట గోడ మీద ఎండ మాయం. ఫొటోల ఆకాశం తెల్లగ, గోడ నల్లగ వచ్చినయ్. రాత్రంత ఫొటోల షాడోస్ లేపుతనే (నీడలను తెల్లగ చేస్తనే) ఉన్న, గోడ మీద అన్నీ రంగు చుక్కలే. ఏ సెట్టింగ్ తప్పు?

పాత లెన్సు: ఏ గుట్ట? ఏ కెమెరా? రా ఫైలా (కెమెరా మార్చకుండ ఇచ్చే అసలు డేటా), జేపెగ్గా (కుదించిన మామూలు ఫొటో)?

ఎక్స్‌పోజర్ కాక: జేపెగ్గే అయి ఉంటది. అండ్ల ఒక్కో రంగుకు 8 బిట్లే, రా ఫైల్ల 12 లేకుంటే 14. అందుకే నీడలు లేపితే జేపెగ్ తొందరగ చెడిపోతది. ఆటో ఐఎస్ఓ (వెలుతురును కెమెరా తనే పెంచుడు) బంద్ చెయ్. ఐఎస్ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్/8, ట్రైపాడ్ మీద −2, 0, +2 (వెలుతురు తక్కువ, సరిగ్గ, ఎక్కువ) మూడు షాట్లు. బ్యాగును ట్రైపాడ్ నడిమి కొక్కేనికి తగిలియ్, కాని కింద నేలకు ఆనాలె. లేకుంటే గాలికి బ్యాగే ఊగుతది. గిదే హెచ్‌డీఆర్ (వెలుతురు, నీడ రెండూ కనవడే ఫొటో).

పాత లెన్సు: అది బ్రాకెటింగ్. మూడూ కలిపినంక వచ్చేది హెచ్‌డీఆర్.

ఎక్స్‌పోజర్ కాక: కెమెరా మెనూల హెచ్‌డీఆర్ అనే ఉంటది, తీసి చూడు.

పాత లెన్సు: ఆ మెనూ చానా కెమెరాలల్ల కలిపిన జేపెగ్ ఒక్కటే చేతిల పెడ్తది. వేరు.

రాళ్లబాట: మీ లొల్లి తర్వాత. ఒక్కడివే పోయినవు కదా తమ్మీ, దిగుడు సంగతి ఎవ్వలు చెప్తలేరు. పొద్దు గూకినంక ఈ కాలంల 24 నిమిషాలే కండ్లకు దారి కనవడేది. ఫోన్ లైటును నమ్ముకోకు. ఒక చెయ్యి దానికే పోతది, బ్యాటరీ అయిపోతే ఫోన్ చేసే దిక్కుండది. నెత్తికి కట్టే లైటు కొనుక్కో. పరుపుబండ మీద సన్న ఇసుక ఉన్న కాడ అడుగు అడ్డంగ వెయ్. ఎన్ని గంటలకు దిగుతవో ఇంట్ల చెప్పి పో.

నల్లగొండ పోరడు: దేవరకొండ కోట గుట్ట అన్నా, ఇంకేది! జేపెగ్గే. కింది దర్వాజ దాటినంక గోడ పక్కన నిలవడ్డ.

దిక్సూచి: ఇది ముందే చెప్పాలె. సెట్టింగ్ కాదు, నీ ఎదురుంగ గుట్ట ఉంది. 5:48 అనేది అడ్డం లేని చదును నేల లెక్క. డిసెంబర్ ఆఖర్ల మన దిక్కు సూర్యుడు గంటకు 13 డిగ్రీలు దిగుతడు. 28 నిమిషాల ముందే పోయిండంటే అడ్డమున్నది సుమారు 6 డిగ్రీల ఎత్తు. చెయ్యి చాపి పిడికిలి పట్టు, అది దాదాపు 10 డిగ్రీలు, అంటే ముప్పావు గంట. అడ్డం ఎంత ఎత్తుందో అట్ల కొలుసుకుంటే ఎండ ఎప్పుడు పోతదో ముందే తెలుస్తది.

ఇంకోటి, ఇప్పుడు సూర్యుడు నేరుగా పడమరకు దిగడు. 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి, దిక్సూచిల 245 కాడ (నేరు పడమర 270) దిగుతడు. ఆ దిక్కు ఖుల్లాగున్న పై బురుజు వెతుక్కో. 4:45 కల్లా ట్రైపాడ్ నిలవెట్టు. చలికాలం మసక చానా ఉంటది, నేల అంచుకు రాకముందే సూర్యుడు అండ్ల కలిసిపోతడు. ఆఖరి నిమిషం దాక ఆగకు.

ఎక్స్‌పోజర్ కాక: అయినా రా తియ్యాలె.

నల్లగొండ పోరడు: ఓ, గట్లనా. సరే అన్నా, థాంక్స్. సంక్రాంతికి మళ్ల పోతా.

దిక్సూచి: అప్పటికి అస్తమయం 6 అవుతది, దిక్కు 248.

రాళ్లబాట: లైటు కొన్నవా?

కొత్త సభ్యుడు: అన్నా, అక్కడ బండి యాడ పెడ్తరు?