సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి బడ్జెట్ అడగాలంటే ఏది చూపాలి: ఊరి ప్రమాదాలా, సొంత చిట్టానా?

కోడ్‌కాపరి:
భయం పుడితే తప్ప మేనేజ్‌మెంట్ కదలదు. అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీ నైట్ క్యాపిటల్ ఒక్కటి చాలు: 2012 ఆగస్టు 1న 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా ఆవిరి. పక్కనే ‘ప్రొడక్షన్‌లో (వాడకందారుల చేతికి చేరాక) దొరికిన బగ్‌కి వంద రెట్లు ఖర్చు’ గ్రాఫ్. రెండు స్లైడ్లు, పని పూర్తి.

లెక్కలచిట్టా:
ఆ రెండూ ఎదురుతిరుగుతాయండీ. నైట్‌లో 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు. పాత ఫ్లాగ్‌నే (కోడ్‌ని ఆన్ చేసే స్విచ్) మళ్లీ వాడడంతో, 2003 నుంచి పక్కనపెట్టిన కోడ్ అందులో లేచి కూర్చుంది. అది ప్రధానంగా డిప్లాయ్‌మెంట్ (కోడ్‌ని సర్వర్లకు ఎక్కించడం) లోపం. ఈ సంగతి తెలిసిన సీటీఓ ‘దీనికి టెస్టర్లెందుకు?’ అంటారు. గ్రాఫ్‌కి మూలం అడిగితే చూపడానికి గట్టి డేటా లేదు.

సొంత బగ్ టికెట్లు తీయండి. 6 నెలల్లో ప్రొడక్షన్ బగ్‌లు 40 అనుకుందాం. సపోర్ట్, డెవలపర్, హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ), మళ్లీ టెస్టింగ్ కలిపి ఒక్కోదానికి 14 గంటలు. వెంటనే 560 అని రాసేయకండి. ఒక్కో టికెట్ చదివి ‘ఏ టెస్ట్ దీన్ని పట్టేది?’ అన్నదానికి జవాబు రాయండి, రాయలేనివి కొట్టేయండి. 25 మిగిలితే 350 గంటలు. రిగ్రెషన్ సూట్ (మార్పుల వల్ల పాత పనులు చెడలేదని చూసే టెస్టుల కట్ట) రాయడానికి 200, నిర్వహణ నెలకు 15 చొప్పున 90. మిగిలేది 60 గంటలే (దాచకుండా అదే చెప్పండి). తర్వాతి 6 నెలల్లో నిర్వహణ ఒక్కటే ఖర్చు కాబట్టి 260 మిగులుతాయి.

రాత్రిబిల్డ్:
సూట్ తొలిరోజే తయారైనట్టు వేశారే! రెండు నెలలు పడితే లాభం 4 నెలలకే: 233 గంటలు. ఖర్చు 260 (200, పైన 4 నెలల నిర్వహణ 60). అంటే 27 నష్టం. పైగా ఫైనాన్స్‌కి గంటలు డబ్బు కావు, జీతాలు ఎలాగూ ఇస్తారు. హాట్‌ఫిక్స్‌ల వల్ల వాయిదాపడ్డ ఫీచర్ల పేర్లు, తేదీలు పెట్టండి.

ఫ్లేకీ టెస్టుల (కోడ్ మారకపోయినా ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలయ్యేవి) మాట ఎవరూ ఎత్తలేదు. ఒక్కో టెస్ట్ 99.5 శాతం నిలకడగా ఉన్నా, 200 టెస్టుల సూట్ మొత్తం పచ్చగా (అన్నీ పాసై) వచ్చేది 37 శాతం సార్లే. మిగతాసార్లు జనం రీరన్ కొట్టి వదిలేస్తారు, అసలు బగ్ కూడా అందులోనే దాటిపోతుంది.

లెక్కలచిట్టా:
27 ఒప్పుకుంటా. అందుకే మొత్తం సూట్ అడగొద్దు. ఎక్కువ టికెట్లు వచ్చే మాడ్యూల్ ఒక్కదానికి 8 వారాల పైలట్ చాలు, వీలైనంత ఏపీఐ స్థాయిలో (స్క్రీన్ నొక్కకుండా నేరుగా ప్రోగ్రామ్‌నే అడిగి). కొలమానం ప్రొడక్షన్‌కి జారిన బగ్‌లు. కవరేజీ (టెస్టుల్లో నడిచిన కోడ్ వాటా) శాతం మాత్రం వద్దు, అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైన్) లేని టెస్ట్ రాసినా అది పెరుగుతుంది.

కోడ్‌కాపరి:
ఆ 8 వారాల్లో అసలు మార్పులే తక్కువ జరిగాయంటే?

లెక్కలచిట్టా:
100 మెర్జ్‌లకు (ప్రధాన కోడ్‌లో కలిపిన మార్పులు) ఎన్ని బగ్‌లో లెక్కించండి, పైలట్‌కి ముందువీ తర్వాతవీ. మెర్జ్‌లు మరీ తక్కువైతే గడువు పొడిగించమని అడగాలి, గెలిచామనకూడదు.