జడ్జిని ‘తప్పించడమా’, జడ్జి ‘తప్పుకోవడమా’?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. అనంతపురంలో కోర్టు దగ్గర నాది టైపింగ్ పని. పోయిన వారం ఒక పెద్దామె వచ్చింది. భాగపరిష్కారం దావా, అంటే ఆస్తి పంపకాల కేసు, ఏడేండ్లుగా నడుస్తోంది. కొంగు ముడిలోంచి నాలుగు మడతల పేపరు ముక్క తీసి నా ముందు పరిచింది. ‘జడ్జిని తప్పించాలని పిటిషన్’ అని హెడ్డింగు.

“నాయనా, మా జడ్జి వాళ్ల తట్టు ఉండాడనిపిస్తాంది. ఇట్లా అర్జీ ఏస్తే ఆయప్పను ఉద్యోగంలోంచి తీసేస్తారా? ఆ పాపం నాకొద్దు” అంది.

ఆమె పొరపాటేం లేదు. పదవి నుంచి తప్పించారంటే మనమంతా తీసేశారనే కదా అనుకుంటాం! హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలను అలా తీసేయాలంటే పార్లమెంటు ఉభయ సభలూ తీర్మానం చేయాలి. ఈ అర్జీకీ దానికీ సంబంధమే లేదు. ఇది ఆ జడ్జి ఆ ఒక్క కేసును వినకుండా ఉండడం వరకే.

ఇంగ్లీషులో దీన్ని రెక్యూజల్ అంటారు. లాటిన్‌లో దాని మూలానికి అర్థం నిరాకరించడం. ఫ్రెంచిలో ఇప్పటికీ ‘ఈ జడ్జి మాకు వద్దు’ అని కక్షిదారు అనడానికి ఆ క్రియే వాడతారు. ఇంగ్లీషులో మాత్రం ఎక్కువగా జడ్జి తనంతట తాను పక్కకు జరగడానికే వాడుతున్నారు. మనకు ఆ తేడా చెప్పడానికి క్రియ చివర చేరే ‘కొను’ ఉంది. తప్పించడం ఇంకొకరు చేసేది, తప్పుకోవడం తాను చేసేది. ఈ అర్జీ పెట్టేది ఆ జడ్జి ముందే, తేల్చేదీ సాధారణంగా ఆయనే. 2015లో సుప్రీంకోర్టులో న్యాయ నియామకాల కమిషన్ (జడ్జీలను ఎంపిక చేయడానికి పెట్టిన కమిషన్) కేసులో అభ్యంతరం రాగానే జస్టిస్ అనిల్ దవే తప్పుకున్నారు. తర్వాత జస్టిస్ ఖేహర్‌నూ తప్పుకోమన్నారు, ఆయన తప్పుకోలేదు. అందుకే ‘తప్పుకోవాలని వినతి’ అని రాస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

కర్నూలు నుంచి ఒక వకీలు గారు: హైకోర్టులో జడ్జి తనంతట తాను వద్దనుకుంటే ‘నాట్ బిఫోర్ మీ’ (నా ముందుకు వద్దు) అంటారు, మన పేపర్లూ అలాగే రాస్తాయి. ఆ పెద్దామెకు కావలసింది మాత్రం ట్రాన్స్‌ఫర్ ఓపీ, అంటే కేసును వేరే కోర్టుకు మార్చమనే అర్జీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద జిల్లా కోర్టులో వేయాలి. అక్కడ కదిలేది కేసు, జడ్జి కాదు.

కడప నుంచి ఒక అక్క: మా ఊరి రచ్చకట్ట మీద మా తాత పంచాయితీలు చెప్పేవాడు. సొంతోళ్ల తగువు వస్తే “నన్ను ఇడ్సిపెట్టండప్పా, వాళ్లు మాకు వియ్యంకులు” అని లేచి, తుండు దులుపుకొని ఇంటికి వచ్చేసేవాడు. ఆ ‘ఇడ్సిపెట్టండి’ని ఏ నిఘంటువులో వెతకాలి?

నా జవాబు: అక్కా, ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇంకొకటి చెప్పాలి. అఫిడవిట్లలో ‘పక్షపాతం చూపుతున్నారు’ అని చేయి తిరిగిన కొద్దీ టైపు కొట్టేస్తుంటాం. పక్షం వైపు పడిపోవడం, ఎంత బరువైన మాట! పెద్దామె అన్నది ‘ఉండాడనిపిస్తాంది’ అని మాత్రమే. నిజానికి చట్టం చూసేదీ దాన్నే. 1987లో రంజిత్ ఠాకూర్ అనే సైనికుడి కేసులో, అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే విచారణలో కూర్చున్నాడు. జడ్జి మనసులో ఏముందని కాదు, కక్షిదారుకు అలా భయపడే న్యాయమైన కారణం ఉందా అని చూడాలంది సుప్రీంకోర్టు. ఊరికే అనిపిస్తే చాలదు, దాని వెనక కారణం ఉండాలి.

వకీలు గారు చెప్పింది పెద్దామెకు చెప్పాను. “అంటే ఆయప్ప ఉద్యోగం పోదు కదా” అని రెండుసార్లు అడిగింది. పోదన్నాను. పేపరు ముక్కను మళ్లీ నాలుగు మడతలు పెట్టి, కొంగులో ముడేసుకుని వాళ్ల లాయరు దగ్గరికి పోయింది.