కజఖ్ సామెతల్లో ఆడపిల్లకి గౌరవమా, కట్టడా?

కొన్నాళ్లుగా కజకిస్తాన్‌లోని కజఖ్ జనం సామెతలు చదువుతున్నాను. "కిజ్‌గా కిరిక్ ఉయ్‌దెన్ తియు" అని ఒకటుంది, ఆడపిల్లకి నలభై ఇళ్ల నుంచి కట్టడి అని అర్థం. ఇంకోచోట ఆడపిల్ల ఇంటికి అతిథి అంటారు. "ఆడదానికి జుట్టు పొడుగు, బుద్ధి పొట్టి" అనేది చదివితే మాత్రం మనసు చివుక్కుమంది. ఒకే జనం నోట ఇన్ని రకాలుగా ఎలా వచ్చాయి?

జవాబు 1:
అతిథి అనడం వెనక "జెతి అతా" నియమం ఉందండి. తండ్రి వైపు ఏడు తరాల్లోపు పెళ్లి కుదరదు, కాబట్టి అమ్మాయి ఎప్పుడో ఒకనాడు దూరంగా వేరే వంశానికి వెళ్లాల్సిందే. అందుకే "కొడుకుని గూటిలో, కూతుర్ని కొండకొమ్మున" నిలపాలంటారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ యుర్త్‌లో, అంటే వాళ్లు నివసించే గుడారంలో, గుమ్మానికి ఎదురుగా ఉండే "తోర్" అనే పెద్దల చోట కూర్చోబెట్టేవారు. నాకైతే అది నిజమైన ప్రేమే అనిపిస్తుంది.

జవాబు 2:
ప్రేమ కాదనను, కానీ ఆ నలభై ఇళ్ల సామెతకి రెండో సగం కూడా ఉంది: చివరికి బానిస దాసి కూడా ఆమెని మందలించవచ్చట! అంటే గుడారాలన్నీ కలిసి ఒక పిల్లని కాపలా కాయడమే కదా. "అన్న పోతే వదిన వారసత్వం" అనేది ఇంకా బాధ. భర్త పోయిన స్త్రీని అతని తమ్ముడికో దగ్గరి బంధువుకో కట్టబెట్టే ఆచారం అది. పెళ్లికి మగపెళ్లివారు పశువులిచ్చే "ఖాలిన్ మాల్" అనే కన్యాశుల్కాన్ని 1920లో సోవియట్ పాలన రద్దు చేసింది గానీ, ఆచారం ఆ ఒక్క ఉత్తర్వుతో పోలేదు.

జవాబు 3:
నాకు బాగా నచ్చింది "తండ్రిని చూసినవాడు బాణం చెక్కుతాడు, తల్లిని చూసిన పిల్ల తోన్ కత్తిరిస్తుంది" అనేది. తోన్ అంటే గొర్రెతోలు కోటు. ఆ చలిలో తోలు మీద కత్తి తప్పు పడితే ఒక మనిషికి చలికాలం గడవదు. ఎవరి పని వాళ్లకి విడగొట్టారు నిజమే, కానీ ఆమె పనిని తక్కువ చెయ్యలేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
మరి "ఆడపిల్లలుగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్లే, చెడ్డ పెళ్లాలు ఎక్కడి నుంచి వస్తారు?" అనే సామెత సంగతి?

జవాబు 2:
దానికి జవాబు అత్తవారింటి కట్టడిలోనే ఉందేమో. అక్కడ కోడలు, అంటే కెలిన్, భర్త తరఫు బంధువుల పేర్లు పలకకూడదని ఆచారం. ఒక పాత కథలో బావలూ మరుదుల పేర్లు నది, రెల్లు, గొర్రె, తోడేలు, కత్తి, సానరాయి. ఏటి అవతల తోడేలు గొర్రెని తింటుంటే ఆ కోడలు పరిగెత్తుకొచ్చి ఇలా అరిచింది: "గలగలలాడేదానికి అవతల, సరసరలాడేదానికి ఇవతల, బేబే అనేదాన్ని ఊళ పెట్టేది తింటోంది, నూరేదాని మీద కోసేదాన్ని నూరుకుని తొందరగా రండి!" ఆ బుద్ధి పొట్టి సామెత కట్టినవాళ్లు ఈ కథ వినలేదేమో.