అప్‌డేట్: తమ్ముడికి నిద్ర పట్టడం లేదని అడిగాను కదా (నల్గొండ)

ఇంటర్ చదివే మా తమ్ముడు రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాడని, గుండె దడ అంటున్నాడని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, ఫోన్ చేయమన్న అక్క సలహానే పనిచేసింది. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడారు. వాడు డాబా మీదకెళ్లి నలభై నిమిషాలు ఒక్కడే మాట్లాడాడు. కిందికి దిగి, "అమ్మా, అన్నం పెట్టు" అన్నాడు. ఆ మాట విని ఎన్ని రోజులైందో!

తర్వాత ఇక్కడే మానసిక వైద్యుడికి చూపించాం. పరీక్షల టెన్షన్ వల్ల వచ్చిన యాంగ్జైటీ అన్నారు. మందులు రాయలేదు. సాయంత్రం తర్వాత చాయ్ బంద్, పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో, రోజూ ఒకే టైమ్‌కు లేవడం. చాయ్ మానడమే కష్టమైంది. పొద్దున్నే నాన్నతో పానగల్ చెరువు కట్ట మీద నడుస్తున్నాడు.

థైరాయిడ్, ఈసీజీ నార్మలే. దిష్టి కూడా తీయించాం, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు పదకొండుకల్లా నిద్రపోతున్నాడు.