స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో ఇంటి కష్టాలు చెప్పాలా, వద్దా?

మానేరు గట్టు:
మా చెల్లె బీటెక్ మొదటి సంవత్సరం. మేము బీసీ, తెలంగాణ. ఎంసెట్ ర్యాంకు 10,000 దాటింది కాబట్టి రీయింబర్స్‌మెంట్ 35,000 వరకే. మిగతా ఫీజు, హాస్టల్ కోసం ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టాం. సోమవారం ఇంటర్వ్యూ. "బాపు పత్తి వేసి మునిగాడని, అమ్మ కూలికి పోతుందని గట్టిగా చెప్పు" అంటాడు మా కాక. అది అడుక్కున్నట్టే ఉంటుందని చెల్లె ముఖం ముడుచుకుంది. మీరేమంటారు?

కాలవ ఒడ్డు:
కాక చెప్పిందే కరెక్ట్. అడగందే అమ్మయినా పెట్టదు.

రాత్రి బస్సు:
నేను ఒప్పుకోను. ఇంటి ఆదాయం ఎంతో తహసీల్దార్ సర్టిఫికెట్‌లోనే ఉంది. అది చూశాకే కదా పిలిచారు? ఆ రోజు బయట బెంచీ మీద కూర్చునే వాళ్లంతా లేనివాళ్లే. కష్టాల్లో పోటీకి దిగితే, పక్క పిల్లకు అసలు తండ్రే ఉండకపోవచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఏడ్చేశాను. మంచినీళ్లు ఇచ్చారు, ఓదార్చారు, ఈలోగా టైమ్ అయిపోయింది. నా చదువు గురించి ఒక్క ప్రశ్న పడలేదు. స్కాలర్‌షిప్ కూడా రాలేదనుకోండి.

పెద్దవాటి సంగతి చూడండి. విదేశీ చదువులకు 1892 నుంచి రుణ స్కాలర్‌షిప్ ఇస్తున్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇంటర్వ్యూలో సబ్జెక్టు తెలిసినవాళ్లు ప్రశ్నలు వేస్తారు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌లో నాయకత్వం, పరిచయాలు, ఈ కోర్సే ఎందుకు, తర్వాత ఏం చేస్తావు అని అడుగుతారు.

కాలవ ఒడ్డు:
చెవెనింగ్ ఇచ్చేది ఉద్యోగం చేసినవాళ్లకు, అన్నా. ఈ పాప ఇంకా ఫస్టియర్. నాయకత్వం అంటే ఏం చెబుతుంది? సెలవుల్లో పత్తి ఏరుతూ ఇంటర్ పాసైంది, అది చెప్పకూడదా?

రాత్రి బస్సు:
చెప్పాలి! తను చేసిన పని కదా. బాపు అప్పు గురించి చెప్పడం, తను ఏరిన పత్తి గురించి చెప్పడం ఒకటి కాదు.

బడిపంతులు:
మా ఊరి పూర్వ విద్యార్థుల నిధికి ఆరేళ్లు ఇంటర్వ్యూలు చేశాను. బట్టీ పట్టిన కష్టం రెండో వాక్యానికే తెలిసిపోతుంది. చెప్పేవాళ్లు కళ్లు పైకెత్తి తర్వాతి ముక్క వెతుక్కుంటారు, పాపం. మేము తప్పకుండా అడిగేది ఒకటే: "మెస్ బిల్లు నెలకెంత? మేము సగమే ఇస్తే మిగతాది ఎలా తెస్తావు?" చాలామంది నాన్నకు తెలుసు అంటారు. ఒక పిల్ల మాత్రం బస్ పాస్‌తో సహా లెక్క చెప్పింది. తెలుగులోనే. వెంటనే ఆ పిల్ల పేరు రాసేశాం.

కాలవ ఒడ్డు:
మీరు తెలుగులో విన్నారు మాస్టారూ. అందరూ వింటారా?

బడిపంతులు:
వినరు. మొదట్లోనే "తెలుగులో చెప్పొచ్చా సార్" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మానేరు గట్టు:
మాస్టారూ, చెల్లె ఇప్పుడే లెక్క వేసింది. దరఖాస్తులో హాస్టల్ ఖర్చు పన్నెండు నెలలకు రాశాం. హాస్టల్ ఉండేది పదే. ఇప్పుడెలా?

బడిపంతులు:
రేపు పొద్దున్నే ఫోన్ చేసి మీరే చెప్పండి. సోమవారం దాకా ఆగొద్దు.