ఇంట్లో చేసిన మెహందీ కోన్ ఎర్రగా పండుతుందా? నల్ల కోన్‌తో మా చెల్లెలి చెయ్యి బొబ్బలెక్కింది

కర్నూలు పాప:
అందరికీ నమస్తే, మాది కర్నూలు. శ్రావణంలో మా అక్క పెళ్లి ఉంది, మెహందీ ఇంట్లోనే పెట్టుకుందాం అనుకుంటున్నాం. భయం ఎందుకంటే పోయిన రంజాన్ టైంలో మా పిన్ని కూతురు బయట కోన్ కొనుక్కుంది, పావుగంటలో నల్లగా పండుతుంది అని చెప్పి ఇచ్చినారంట. నిజంగానే బొగ్గు లెక్క పండింది, కానీ రెండ్రోజులకి డిజైన్ ఎట్ల ఉందో అట్లనే చర్మం ఉబ్బి తీగె పొడుగునా నీళ్ల పొక్కులు లేచినాయి. స్కిన్ డాక్టర్ మందులు రాసినారు, తగ్గింది గానీ మణికట్టు పైన ఆ పువ్వు, ఆకులు ఇంకా తెల్ల మచ్చగా కనపడతానే ఉన్నాయి. అక్కకి అట్లాంటిది జరగకూడదు. పొడి తెచ్చి ఇంట్లో కోన్ చేస్తే పెళ్లికూతురికి సరిపోయేంత ఎరుపు వస్తుందా, ఏమేం కలపాల, పెళ్లికి ఎన్ని రోజుల ముందు పెట్టాల?

అనంతపురం ఫార్మసీ:
ముందు ఆ చెల్లెలి గురించి చెప్తా, అది ముఖ్యం. గోరింటాకులో ఉండే రంగు పేరు లాసోన్, అది ఆరెంజ్ నుంచి మెరూన్ దాకా పోతుంది, పావుగంటలో నల్లగా అవ్వడం దానికి చేతకాదు. అంత తొందరగా నలుపు వచ్చిందంటే ఎక్కువగా అందులో కలిపింది పీపీడీ, అంటే పారాఫినైలిన్‌డయమిన్, హెయిర్ డైలో వాడేది. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. కాబట్టి ఆ పాప రేపు పెద్దయినాక కూడా నల్ల హెయిర్ డై వేసుకోకూడదు, పార్లర్‌కి పోయినా, కొన్ని రకాల మత్తు క్రీములు, మందులు రాసేటప్పుడు డాక్టర్‌కైనా ఈ సంగతి తప్పకుండా చెప్పమనండి. ప్యాచ్ టెస్ట్ ఎట్ల ఉంటుందో చూద్దాం అని ఇంట్లో మళ్లా అదే కోన్ రాయొద్దండి దయచేసి.

కడప మెహందీ అక్క:
పాపా, నేను కడపలో పెళ్లిళ్లకి మెహందీ పెడతా, నా కోన్లన్నీ ఇంట్లో చేసినవే, కాబట్టి ధైర్యంగా చెప్తాండా, బ్రహ్మాండంగా పండుతుంది. అంతా పొడిలోనే ఉంది. రాజస్థాన్‌లో సోజత్ అని ఊరుంది, అక్కడి మెహందీకి 2021లో జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, ఒంటికి పెట్టుకునే పొడి అక్కడిదే అడుగు, తలకి అని అమ్మేది ముతగ్గా ఉంటుంది, కోన్ మూతి పట్టేస్తుంది. పలచటి గుడ్డలో వేసి జల్లెడ పట్టు. 100 గ్రాముల పొడికి ఓ 25 గ్రాముల చక్కెర, నిమ్మరసం పోస్తా గట్టిగా కలుపు, దాంట్లో నీలగిరి తైలం గానీ టీ ట్రీ ఆయిల్ గానీ 20 నుంచి 30 ఎంఎల్, ఈ నూనె వల్లే రంగు బాగా దిగుతుంది. పెట్రోలు, కిరోసిన్, టర్పెంటైన్ పోస్తారు కొందరు, దగ్గరికి కూడా రానీయొద్దు. పైన ప్లాస్టిక్ కవర్ తాకేటట్టు అతికించి మూసి పెట్టు, మన ఎండలకి ఆరేడు గంటల్లో రంగు వదులుతుంది, చలికాలం అయితే రాత్రంతా పడుతుంది. పైపొర గోధుమ రంగుకి తిరిగి లోపల పచ్చగా ఉంటే తయారైనట్టు. అప్పుడు ఇంకొంచెం నిమ్మరసంతో పెరుగు మాదిరి పలచన చేసి కోన్లలో నింపు. చేసినవి బయట పెడితే రెండు మూడు రోజులకే రంగు చచ్చిపోతుంది, ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటాయి. బీరువాలో సంవత్సరమైనా పాడు కాని కోన్ చూస్తే నాకు అనుమానమే.

పెళ్లికి రెండు రోజుల ముందు రాత్రి పెట్టు. ఆరినాక నిమ్మరసం చక్కెర నీళ్లు దూదితో అద్దుతా ఉండు, మన వైపు గాలి పొడిగా ఉంటుంది, అద్దకపోతే రాలిపోతుంది. కనీసం ఆరు గంటలు ఉంచి నీళ్లు తగలకుండా గీకేసి కొబ్బరి నూనె పూయి, తర్వాత సగం రోజు దాకా చేతులకి నీళ్లొద్దు. తీసినప్పుడు ఆరెంజ్‌గా ఉంటే అక్క ఏడుస్తుంది చూడు, కంగారు పడొద్దని ముందే చెప్పు, 48 గంటలకి ముదురు మెరూన్ అవుతుంది. అరచేయి, పాదాల్లో చర్మం మందం కాబట్టి అక్కడ ముదురుగా పండుతుంది, మోచేతి దగ్గర లేతగానే ఉంటుంది, అది కోన్ తప్పు కాదు.

ధర్మవరం కోడలు:
పొడి దాకా ఎందుకు, చెట్టు ఉంటే ఆకే మేలు. మా జేజి ఆషాఢంలో లేత ఆకు కోసుకొచ్చి చింతపండు, వక్క వేసి రోట్లో మెత్తగా రుబ్బేది, అరచేతిలో చందమామ, వేళ్లకి టోపీలు. సన్న డిజైన్ రాదు గానీ పిల్లలకి ఇదే పెట్టండి, నూనెలేం కలపకుండా.

అనంతపురం ఫార్మసీ:
పిల్లలు అన్నారు కాబట్టి ఒక మాట. నెలల పిల్లలకి ఆకు కూడా వద్దు. జీ6పీడీ, అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్, పుట్టుకతోనే లోపం ఉండే బిడ్డలకి గోరింటాకు వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు రావొచ్చు, ఆ లోపం ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే పెద్ద పిల్లలకీ పెట్టొద్దు.

కర్నూలు పాప:
చాలా థ్యాంక్స్ అక్కా, మీకూ సార్. చెల్లెలి సంగతి పిన్నికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా. ఇంకొకటి, అమ్మకి తెల్ల వెంట్రుకలు, ఇదే పొడి తలకి పెడితే ఆరెంజ్ అవుతుందని వద్దంటోంది, నల్లగా రావాలంటే ఎట్ల?

కడప మెహందీ అక్క:
రెండు విడతల్లో పెట్టాల. మొదట గోరింట పొడి టీ డికాక్షన్‌తో కలిపి రెండు మూడు గంటలు, తలకి నిమ్మరసం వద్దు, జుట్టు ఎండిపోతుంది. కడిగినాక నీలి ఆకు పొడి, ఇండిగో అని అడుగు, గోరువెచ్చటి నీళ్లతో కలిపి పది పదిహేను నిమిషాల్లోనే పట్టించు, ఇది నిలవ ఉంచితే పనికిరాదు. ఒక గంట చాలు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన కడప, కర్నూలు పొలాల్లో పండించిన నీలిమందు చెట్టే ఇది. ప్యాకెట్ మీద గోరింట, ఇండిగో తప్ప ఇంకేమైనా రాసి ఉంటే కొనొద్దు, బ్లాక్ హెన్నా అని రాసిన దాంట్లో మళ్లా ఆ పీపీడీనే ఉంటుంది చాలాసార్లు. ముందు చెవి వెనకాల కొంచెం రాసి రెండు రోజులు చూసినాకే తలంతా పెట్టు.