హటరైట్ కాలనీల్లో పెద్దరికం ఎవరిది? అది ఎలా చేతులు మారుతుంది?

ప్రశ్న: కాలువగట్టు (పాలకొల్లు)

కెనడాలోని ఆల్బెర్టాలో ఉంటున్న మా మేనల్లుడు, తమ పట్టణానికి దగ్గరలో హటరైట్లు అనే క్రైస్తవ శాఖవారి కాలనీ ఉందనీ, అక్కడ భూమి, పశువులు, యంత్రాలు, వంటశాలతో సహా అన్నీ ఉమ్మడేననీ చెప్పాడు. మా నాన్నగారి కాలంలో మా ఊళ్లోనూ ఒక సహకార సేద్య సంఘం పెట్టారు. ట్రాక్టరు కొన్నంతవరకు ఉత్సాహం ఉండేదట. తరువాత దమ్ము ముందుగా ఎవరి చేలో పట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగి, సంఘం కాగితాలకే పరిమితమైంది. కనుక ఉమ్మడి ఆస్తి కంటే పెత్తనం సంగతే నాకు తెలుసుకోవాలని ఉంది. ఈ కాలనీల చరిత్ర ఏమిటి? పెద్దను ఎవరు నిర్ణయిస్తారు? పదవి తండ్రి నుంచి కొడుక్కి పోదా?

జవాబు: చదువరి (అమలాపురం)

చరిత్ర క్లుప్తంగా చెప్పి అసలు విషయానికి వస్తాను. 1528లో మొరేవియాలోని (నేటి చెక్ దేశం) నికల్స్‌బర్గ్ విడిచిపోతున్న కొందరు అనబాప్టిస్టులు (పెద్దయ్యాక తెలిసి తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుందనే క్రైస్తవులు) దారిలో ఒక వస్త్రం పరచి, తమకున్నదంతా దానిమీద పెట్టి ఉమ్మడి చేసుకున్నారు. 1533లో వారికి నాయకుడైన యాకోబ్ హుట్టర్‌ను (హటరైట్లన్న పేరు ఆయన వల్లే వచ్చింది) 1536లో ఇన్స్‌బ్రుక్‌లో సజీవదహనం చేశారు. ఆ తరువాత వారు ట్రాన్సిల్వేనియా, వలేకియా, ఉక్రెయిన్‌ల మీదుగా తరలుతూ వచ్చారు. అయితే ఉమ్మడి ఆస్తి ఏకధాటిగా సాగిందనుకోకండి. 1819లో ఉక్రెయిన్‌లో అది కూలిపోతే, 1859లో మైఖేల్ వాల్డ్‌నర్ అనే కమ్మరి దానిని తిరిగి నిలబెట్టాడు. రష్యా నిర్బంధ సైనిక సేవ తెచ్చినందువల్ల 1874లో అమెరికా రావడం మొదలుపెట్టి, మిస్సోరి నది ఒడ్డున బాన్ హామ్ కాలనీని స్థాపించారు. అలా వచ్చినవారిలో ఎక్కువమంది ఎవరి భూమి వారు తీసుకుని విడిగా స్థిరపడ్డారన్నది మీ ఊరి సంఘాన్ని తలచుకునేటప్పుడు గుర్తుంచుకోదగిన విషయం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక సేవకు ఒప్పుకోనందుకు ఖైదైన హోఫర్ సోదరులిద్దరు 1918లో మరణించాక, చాలా కాలనీలు కెనడాకు తరలాయి. అక్కడా ఆల్బెర్టా ప్రభుత్వం 1942లో వారికి భూమి అమ్మకాన్నే నిషేధించింది, 1947లో కొత్త కాలనీకి 6,400 ఎకరాల పరిమితి విధించింది.

ఇక పెద్దరికం. కాలనీకి ఒక బోధకుడు, లెక్కలూ కొనుగోళ్లూ చూసే గృహనిర్వాహకుడు, పొలం పనులు పంచే సేద్యపు పెద్ద ఉంటారు. వీరితోపాటు మరికొందరు కలిసి ఒక సభగా నిర్ణయాలు చేస్తారు. బాప్తిస్మం పొందిన పురుషులకే ఓటు, స్త్రీలకు లేదు. ఈ లోపాన్ని కప్పిపుచ్చి పొగడడం నాకు ఇష్టం లేదు. బోధకుని ఎంపికలో మాత్రం ఓటుతో పని పూర్తికాదు. తగినన్ని ఓట్లు వచ్చినవారి పేర్లతో చీట్లు వేస్తారు, అందులో వచ్చినవాడే బోధకుడు. బైబిలులో, ఏసును పట్టిచ్చిన యూదా స్థానంలో మత్తీయను శిష్యుడిగా ఎన్నుకున్న పద్ధతే ఇది. బోధకునికి జీతం లేదు. కొడుకు తండ్రి స్థానానికి రాకూడదని నియమం లేదు కానీ, చీటీని నమ్ముకుని వారసత్వం కట్టడం ఎవరివల్లా కాదు.

నా దృష్టిలో పెత్తనాన్ని అసలు అదుపుచేసేది విభజన. జనాభా 120, 150 దాకా పెరిగితే ముందుగానే వేరే చోట భూమి కొని, ఇళ్లు కట్టి, కుటుంబాలను రెండు జాబితాలు చేస్తారు. ఎవరు ఉండాలో ఎవరు వెళ్లాలో చివరికి చీటీయే తేలుస్తుంది గనుక రెండు పక్షాలవారూ సామాను సర్దుకునే ఉంటారు. మన వైపు అన్నదమ్ములు వాటాలు వేసి చీట్లు తీసుకున్నట్టే. ఏ వాటా తనకు వస్తుందో తెలియనివాడు వాటాలు సమంగానే వేస్తాడు.

జవాబు: వశిష్ఠ తీరం (నరసాపురం)

మన ప్రాంతపు బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసాలకూ హటరైట్లకూ నేరుగా సంబంధం లేదు, కానీ పోలిక ఆసక్తికరమైనది. 1836లో బౌడన్, బీర్ అనే మిషనరీ దంపతులను ఇంగ్లండు నుంచి ఇండియాకు వెంటబెట్టుకుని వచ్చిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో మంచి రాబడి ఉన్న దంతవైద్యాన్ని వదులుకుని ఆస్తిని పంచిపెట్టినవాడు. ఆ త్యాగం ఆయన సొంత నిర్ణయం; ఆయన పని కొనసాగిన మన గోదావరి డెల్టాలో విశ్వాసులు ఎవరి చేలు వారు చేసుకుంటూనే ఆదివారం రొట్టె విరవడానికి కూడుకున్నారు. ఆస్తి కలవలేదు కనుక ఇక్కడి సంఘ పెద్దలు ఎరువుల బిల్లుల దాకా పోవలసిన అవసరం రాలేదు. హటరైట్ బోధకుడు ప్రసంగంతోపాటు ఆ బిల్లుల గురించి కూడా సభలో కూర్చోవాలి, అందుకే ఆ పదవికి అన్ని కట్టుబాట్లు.

ప్రశ్న: కాలువగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెద్దలతో పడక బయటికి పోతానన్నవానికి వాటా ఇస్తారా?

జవాబు: ప్లీడరు (రాజమహేంద్రవరం)

ఇవ్వరు. మానిటోబాలోని ఒక కాలనీ, వేరే మతబోధ స్వీకరించిన సభ్యులను వెలివేసినప్పుడు వారు వాటా కోరారు. 1970లో కెనడా సుప్రీంకోర్టు వారికి ఏమీ రాదని తీర్పు చెప్పింది. ఆస్తి చర్చికి చెందినదనీ, సభ్యులు ఒడంబడికలో ముందే ఒప్పుకున్నారనీ దాని సారాంశం. మన ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో వచ్చే హక్కుకు ఇది పూర్తిగా విరుద్ధం.

అయితే 1992లో అదే కోర్టు లేక్‌సైడ్ కాలనీ వ్యాజ్యంలో పెద్దల చేతులు కొంత కట్టింది. పందుల మేత తొట్టె పేటెంటు గురించి పుట్టిన తగవులో ఒక సభ్యుణ్ణి వెలివేయగా, తగిన నోటీసు ఇచ్చి అతని మాట వినకుండా చేసిన బహిష్కరణ చెల్లదని చెప్పింది. మత సంస్థే అయినా సహజ న్యాయం పాటించి తీరాలన్నమాట. మీ ఊరి సంఘం కాగితాలు ఇంకా ఉంటే, సభ్యుణ్ణి తొలగించే నియమం అందులో ఏమని రాశారో ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి.